తెర మీద పేర్లు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళకి టీవీలో పాత హిందీ బొమ్మ వస్తోందంటే చాలు, నేను మా పక్కింటి ఖాలా దగ్గరికి చేరిపోతాను. ఖాలా అంటే చుట్టరికం ఏమీ లేదు. మా పుట్టిల్లు తాండూరు. కర్ణాటక సరిహద్దు పక్కనే కదా, తెలుగూ, ఉర్దూ, కన్నడమూ మూడూ కలిసి వినబడే వీధిలో పెరిగాను. తురకల ఇళ్ళలో పెద్దావిణ్ణి ఖాలా అని పిలవడం అప్పటి అలవాటు. పెళ్ళయి వికారాబాదు వచ్చినా అది పోలేదు. ఆవిడ నన్ను బేటీ అంటుంది. కోపం వస్తే "ఏందే పిల్లా" అంటుంది.

ఈమధ్య ఒకరోజు 'జంజీర్' వచ్చింది. 1973 నాటి సినిమా. అమితాబ్ బచ్చన్‌కి పేరు తెచ్చిన బొమ్మ. అందులో తెల్ల బూట్లూ, సన్న మీసం, గొంతులోంచి మెల్లిగా నమిలి నమిలి వచ్చే మాటలూ ఉన్న విలన్ మీకు గుర్తుండే ఉంటాడు. అజిత్. ఆయన 'మోనా' అని పిలిచే తీరు మీద మా చిన్నప్పుడు ఎన్ని జోకులు చెప్పుకునేవాళ్ళమో! నేను నవ్వుతూనే ఉన్నాను. ఖాలా మనుమరాలు, పదో తరగతి చదువుతోంది, "నానీ, ఈయన ఎవరు?" అని అడిగింది.

"మన గోల్కొండాయన బిడ్డా. అస్లు పేరు హమీద్ అలీ ఖాన్" అంది ఖాలా, తమలపాకు ఈనె తీసుకుంటూ.

నా నవ్వు ఆగిపోయింది. నలభై దాటినదాన్ని. ఇన్నేళ్ళ నుంచి ఆ మనిషిని చూసి నవ్వుతున్నాను. మన హైదరాబాదువాడని గానీ, అది ఆయన సొంత పేరు కాదని గానీ నాకు తెలియదు.

"మరి అజిత్ అని ఎందుకు పెట్టుకున్నాడు?" అంది పిల్ల.

"గప్పుడు గట్లనే పెట్టేటోళ్ళు."

"ఎందుకు?"

ఖాలా నా వైపు చూసింది. "ఆంటీ రేడియోల మాట్లాడ్తది గదా, ఆమెనడుగు."

నా దగ్గర జవాబు లేదు. నా చదువు పదో తరగతితో ఆగింది. కానీ పిల్ల అడిగిన ప్రశ్న మనసులో ముల్లులా ఉండిపోయింది. లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాను, సినిమాల మీద పిచ్చి ఉన్న మా తమ్ముణ్ణి వేధించాను. ఆ పిల్లకి చెప్పిందే ఇవాళ మీకూ చెబుతున్నాను.

మొదట అజిత్ సంగతి. ఆయన 1922లో గోల్కొండలో పుట్టాడు. కాలేజీ పుస్తకాలు అమ్ముకుని ఆ డబ్బుతో బొంబాయి బండెక్కాడని చెబుతారు. మా తాండూరు స్టేషను మీదుగా పోయే లైనే అది, 1874 నుంచీ ఉంది. మొదట్లో హమీద్ ఖాన్ పేరుతోనే తెర మీదికి వచ్చాడు, కలిసి రాలేదు. పేరు పొడుగ్గా ఉంది, చిన్నది పెట్టుకోమని కె. అమర్‌నాథ్ అనే దర్శకుడు చెబితే అజిత్ అయ్యాడు. ఈ పొడుగు మాట మాత్రం నాకు మింగుడు పడలేదండీ. హమీద్ అని రాసి చూడండి, అజిత్ అని రాసి చూడండి. రెండూ మూడేసి అక్షరాలే కదా!

ఆయనొక్కడే కూడా కాదు. పెషావరు పండ్ల వ్యాపారి కొడుకు యూసుఫ్ ఖాన్, 1944లో 'జ్వార్ భాటా' తో దిలీప్ కుమార్ అయ్యాడు. ఆ పేరు బాంబే టాకీస్ యజమానురాలు దేవికారాణి ఇచ్చింది. ముంతాజ్ జహాన్ మధుబాల అయింది. మహజబీన్ బానో మీనా కుమారి అయింది. మన నవ్వుల జగదీప్ అసలు సయ్యద్ ఇష్తియాక్ అహ్మద్ జాఫ్రీ. జానీ వాకర్ అయితే బద్రుద్దీన్. ఆయనకి పెట్టింది హిందువుల పేరు కూడా కాదు, సీసా మీద పేరు!

"హిందువులు మాత్రం మార్చుకోలేదా?" అని మీరడుగుతారు. నేనూ మా తమ్ముణ్ణి అదే అడిగాను. మార్చుకున్నారు. కుముద్‌లాల్ గంగూలీ అశోక్ కుమార్ అయ్యాడు, హరిహర్ జరీవాలా సంజీవ్ కుమార్ అయ్యాడు, మన పుష్పవల్లిగారి అమ్మాయి భానురేఖ ఒట్టి రేఖగా మిగిలింది. పేరు మార్చుకోవడం ఆనాటి ఫ్యాషనే. దిలీప్ కుమార్ విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. వాళ్ళ నాన్నకి సినిమాలంటే గిట్టదు, కొడుకు పేరు గోడల మీద చూస్తే కొడతాడనే భయం. ఇవన్నీ నిజమే. కానీ ఒక్క సంగతి చూడండి. గంగూలీ కుమార్ అయితే ఆయన ఏ మతంవాడో అన్నది మారలేదు, దాగలేదు. యూసుఫ్ కుమార్ అయితే దాగింది. పేర్లు రెండు వైపులా మారాయి గానీ, హిందువైన నటుడు ముస్లిం పేరు పెట్టుకుని హీరో అయిన సంగతి నేనైతే ఎక్కడా చదవలేదు.

ఈ కథ ఇంకా వెనక నుంచే ఉంది. 1913లో ఫాల్కేగారు 'రాజా హరిశ్చంద్ర' తీసినప్పుడు తారామతి వేషానికి ఆడవాళ్ళెవరూ రాలేదు. చివరికి సాలుంకే అనే మగవాడికి చీర కట్టారు, ఆయన హోటల్లో వంటవాడు. పరువుగల ఇళ్ళ ఆడవాళ్ళు, హిందువులు గానీ ముస్లిములు గానీ, కెమెరా ముందుకు రావడం తప్పు అనుకునే రోజులు. అప్పుడు ముందుకు వచ్చిన వాళ్ళలో యూదులు, ఆంగ్లో ఇండియన్లు చాలామంది. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసిన రూబీ మేయర్స్ అనే యూదుల అమ్మాయిని సులోచన అన్నారు. మూగ సినిమాల్లో ఆమెకి ఎదురులేదు. 1973 సంవత్సరానికి ఆవిడకి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చారు. రెనీ స్మిత్ అనే అమ్మాయి సీతాదేవి. ఎస్తేర్ అబ్రహాం ప్రమీల. మనవాళ్ళు ఇంట్లో కూర్చుంటే సీతలుగా, సులోచనలుగా నిలబడి సినిమాని నడిపించింది వాళ్ళు. సీత అన్న పేరు చూసిన ప్రేక్షకులకి స్మిత్ కనబడలేదు.

ఇక్కడ మన తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోదగ్గ ఒక మనిషి ఉంది. వహీదా రెహమాన్.

1955లో వచ్చిన 'రోజులు మారాయి' లో ఏరువాక పాటకి ఆడిన అమ్మాయి మీకు గుర్తుందా? మా అమ్మకైతే సినిమా కథ గుర్తులేదు గానీ ఆ పాటా, ఆ పిల్లా గుర్తున్నాయి. చెంగల్పట్టులో పుట్టిన పిల్ల. భరతనాట్యం నేర్చుకుంటానని వెళితే, ముస్లిం పిల్లవి, నీ జాతకం తీసుకురా అన్నారట ఒక గురువుగారు. వాళ్ళింట్లో జాతకాలెక్కడివి? చివరికి ఆ గురువుగారే జాతకం వేసి చూసుకుని నేర్పారట. ఆ తెలుగు పాట చల్లగా గురుదత్ కంట పడింది, బొంబాయికి పిలిపించాడు. 'సి.ఐ.డి.' సినిమాకి ఒప్పందం రాసుకునేటప్పుడు పేరు మార్చమన్నారు. దిలీప్ కుమార్ మార్చుకున్నాడు, మధుబాల మార్చుకుంది, మీనా కుమారి మార్చుకుంది, నీకేమిటమ్మా అన్నారు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండలేదు, సంతకం కూడా వాళ్ళమ్మే పెట్టాలి. అయినా మా అమ్మా నాన్నా పెట్టిన పేరు, మార్చను అంది. అంతటితో ఊరుకోలేదు. తనకి నచ్చని బట్టలు కట్టనని కూడా ఒప్పందంలో రాయించుకుంది.

1956లో 'సి.ఐ.డి.' వచ్చింది, మరుసటి ఏడు 'ప్యాసా', 1965లో 'గైడ్'. వహీదా రెహమాన్ అన్న పేరు చూసి టిక్కెట్టు కొనకుండా వెనక్కి వెళ్ళినవాళ్ళు ఉన్నారని నేను వినలేదు. 2021 సంవత్సరపు ఫాల్కే అవార్డు ఆవిడకే వచ్చింది. అంటే ప్రేక్షకులు ఒప్పుకోరని భయపడింది సినిమా తీసేవాళ్ళేనేమో. ఆ కాలంలోనే నర్గీస్, సురయ్యా, మహమూద్ కూడా ముస్లిం పేర్లతోనే వెలిగారు. పైగా 'మదర్ ఇండియా' లో రాధగా నాగలి లాగింది నర్గీసే కదా, ఆ సినిమా తీసింది మెహబూబ్ ఖానే కదా. 'బైజూ బావ్రా' లో హరిని పిలుస్తూ పాడే భజన రాసింది షకీల్ బదాయూనీ, బాణీ కట్టింది నౌషాద్, పాడింది రఫీ. మా అత్తగారు శనివారం పూట ఆ పాట వినకుండా దీపం పెట్టేవారు కాదు.

సరే, పేరు సంగతి ఇంత. మరి పాత్రలో?

మళ్ళీ 'జంజీర్' కే వద్దాం. అందులో మాటకి ప్రాణమిచ్చే పఠాన్ షేర్ ఖాన్‌గా వేసింది ప్రాణ్. ఆయన హిందువు. దొంగ వ్యాపారం చేసే సేఠ్ ధరమ్ దయాల్ తేజాగా వేసింది మన హమీద్ అలీ ఖాన్. కథ రాసింది సలీం ఖాన్, జావేద్ అఖ్తర్. సరదాగా లేదూ? ఎవరు ఎవరి వేషమైనా వెయ్యగలరనే దానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి! మరుసటి ఏడు మన ఎన్టీ రామారావుగారు దాన్నే తెలుగులో 'నిప్పులాంటి మనిషి' గా చేస్తే, షేర్ ఖాన్ పాత్ర కైకాల సత్యనారాయణగారు వేశారు. ఆ పాత్ర జనానికి ఎంత నచ్చిందో మీకు తెలుసు.

కానీ ఆ పాత్రనే కాస్త పరకాయించి చూడండి. షేర్ ఖాన్‌కి ఇల్లుందా? భార్యా పిల్లలున్నారా? స్నేహితుడి కోసం బతకడమే ఆయన పని. 'దీవార్' లో రహీమ్ చాచా 786 బిళ్ళ గురించి హీరోకి చెప్పి పక్కకి తప్పుకుంటాడు. 'షోలే' లో గుడ్డి ఇమాం సాబు కొడుకుని పోగొట్టుకుని ఊరివాళ్ళకి ధైర్యం చెబుతాడు. అందరూ మంచివాళ్ళే. ఎంత మంచివాళ్ళంటే, వాళ్ళకి సొంత కోరిక అంటూ ఒక్కటీ ఉండదు. మన ఇళ్ళకి చుట్టపుచూపుగా వచ్చి, పెళ్ళి పనులన్నీ చేసి, భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళిపోయే పెద్దమనుషుల్లా ఉంటారు. వీళ్ళు కాకపోతే నవాబులు, కాకపోతే ముజ్రా చేసే ఆడవాళ్ళు. మా ఖాలా భర్త రైల్వేలో గ్యాంగుమ్యాను. అలాంటి ఇల్లు హిందీ తెర మీద నేను చూసింది తక్కువ.

క్రైస్తవుల ఇళ్ళ పిల్లలకి ఇంకా అన్యాయం. మోనా, లిల్లీ, కిట్టీ అని పేరుంటే చేతిలో గ్లాసు ఉండాల్సిందే. హెలెన్ అనే ఆవిడ యుద్ధంలో బర్మా నుంచి చిన్నపిల్లగా నడిచి వచ్చిన మనిషి, ఆమె నాట్యానికి సాటి లేదు. ఎన్నేళ్ళు ఆడినా క్లబ్బు గుమ్మం దాటనివ్వలేదు. 1975లో మన లక్ష్మి 'జూలీ' లో వేసింది చూడండి, అక్కడ ఒక ఆంగ్లో ఇండియన్ ఇంట్లో వంటా, జీతం చాలకపోవడం, తల్లి కోపం అన్నీ కనబడ్డాయి. తల్లిగా వేసిన నాదిరా నిజంగా యూదు స్త్రీ. ఆ వేషానికి ఆమెకి ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది.

మనని వదిలారా? వదల్లేదు. 1965లో 'గుమ్‌నామ్' లో మహమూద్ వేసిన బట్లరు మన హైదరాబాదీ యాసలోనే మాట్లాడతాడు. మన తాండూరు బండల ఫ్యాక్టరీల దగ్గర, కందుల మార్కెట్లో, వికారాబాదు స్టేషను బయట రోజూ వినే ఆ 'నక్కో', 'హౌ' లే. అది విని దేశమంతా నవ్వింది. 1968లో 'పడోసన్' లో అదే మహమూద్ పిలక పెట్టుకుని మాస్టర్ పిళ్ళైగా దక్షిణాదివాళ్ళని ఆటపట్టించాడు. నవ్వొస్తుంది, నేనూ నవ్వాను. కానీ నా పెళ్ళికి ముందు ఉత్తరాది నుంచి వచ్చిన ఒకావిడ నా హిందీ విని, ఇంకోసారి మాట్లాడు అని పకపకా నవ్వి పక్కావిణ్ణి పిలిచింది. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఆ యాసకి మొదటిసారి మర్యాద ఇచ్చింది మన సికింద్రాబాదులో పుట్టిన శ్యామ్ బెనెగల్‌గారు అనుకుంటాను. 1974లో ఆయన తీసిన 'అంకుర్' లో మాటలు దక్కనీ వాసనతోనే ఉంటాయి. అందులో లక్ష్మి అనే దళిత స్త్రీగా వేసింది హైదరాబాదులోనే పుట్టిన షబానా ఆజ్మీ. ఆ వేషానికి జాతీయ అవార్డు వచ్చింది. అలాగే 1982లో వచ్చిన 'బజార్'. మన హైదరాబాదు పాతబస్తీ పేద పిల్లల్ని డబ్బున్న పెద్దవయసు వాళ్ళకి కట్టబెట్టే కథ. చివరికి ఆ పిల్ల బతకదు. ఆ సినిమా చూసి మా ఖాలా మూడు రోజులు మాట్లాడలేదని వాళ్ళ కోడలు చెప్పింది. అందులో చిరిగిన పరదా వెనక పేద ఇల్లుంది. 'గరమ్ హవా' కూడా అలాంటిదే. దేశ విభజన తర్వాత ఆగ్రాలో ఉండిపోయిన చెప్పుల వ్యాపారి కథ. బల్‌రాజ్ సాహ్నీ ఆ ముసలాయనగా వేశాడనడం కంటే, ఆయనే అయిపోయాడనాలి.

1990ల తర్వాత గాలి మారింది. పేరు మార్చుకోవాల్సిన పని ఇప్పుడు లేదు, ముగ్గురు ఖాన్‌లు అదే పేర్లతో ముప్పై ఏళ్ళు ఏలారు. మన హైదరాబాదు తబస్సుమ్ హష్మీ, అదేనండీ మన టబు, 1991లో వెంకటేష్‌తో 'కూలీ నంబర్ 1' చేసి అక్కడికి వెళ్ళి పెద్ద నటి అయింది. కానీ కథల్లో రహీమ్ చాచా స్థానంలోకి తుపాకీ పట్టుకున్న వాడు వచ్చి కూర్చున్నాడు. 1999లో 'సర్ఫరోష్' లో గజళ్ళు పాడే గుల్ఫామ్ హసన్ ఆయుధాలు చేరవేస్తాడు. అదే సినిమాలో సలీం అనే ఇన్‌స్పెక్టరు, నన్నెందుకు నమ్మరు అని పై అధికారిని నిలదీస్తాడు. 2007లో 'చక్ దే ఇండియా' లో కబీర్ ఖాన్ ఒక్క గోలు పోగొడితే దేశద్రోహి అని గోడ మీద రాస్తారు. మంచి సినిమాలే రెండూ. కానీ సలీమూ, కబీరూ ముందు తాము ద్రోహులం కామని రుజువు చేసుకుని, ఆ తర్వాతే మిగతా కథలోకి రావాలి. విజయ్‌కో, రవికో ఆ పరీక్ష లేదు.

ఇదంతా ఒక సాయంత్రం ఆ పిల్లకి చెప్పాను. గ్లాసులో చాయ్ చల్లారిపోయింది. అంతా విని ఆ పిల్ల మెల్లిగా, కోపం ఏమీ లేకుండా అంది కదా, "ఆంటీ, మీరు గూడ నాకు ఎప్పుడూ పచ్చ దుపట్టానే ఇస్తరు గదా."

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమై తల దించుకున్నాను. మా కాలనీలో పంద్రాగస్టుకి పిల్లల చేత జాతీయ సమైక్యత నాటిక వేయిస్తాం. రాసేది నేనే. పిల్లలు వరసగా నిలబడతారు, ఒకరు హిందువు, ఒకరు ముస్లిం, ఒకరు సిక్కు, ఒకరు క్రైస్తవుడు. ఆ పిల్ల మూడో తరగతి నుంచీ ఆ వరసలో పచ్చ దుపట్టా వేసుకుని ఆదాబ్ చేస్తోంది. ఏడేళ్ళు. ఒక్క మాట రాయలేదు నేను. మాటలన్నీ భారతమాతకీ, ఝాన్సీ లక్ష్మీబాయికీ. పిల్లలందరిలో గొంతు ఖంగుమనేది ఆ పిల్లదే.

'అమర్ అక్బర్ ఆంథొనీ' లో అక్బరుగా రిషీ కపూర్ వేస్తే చప్పట్లు కొట్టాం. 'మొగల్-ఎ-ఆజం' లో అక్బరు పాదుషాగా పృథ్వీరాజ్ కపూర్ వేస్తే లేచి నిలబడ్డాం. అందులోనే రాజపుత్రుడు దుర్జన్ సింగ్‌గా మన గోల్కొండ అజిత్ వేశాడు. నేను మాత్రం మా కాలనీ పిల్ల పేరు చూసి వేషం ఇచ్చాను.

ఈ ఏడు రుద్రమదేవి నాటిక రాశాను. రుద్రమ ఆ పిల్లే. కమిటీలో ఒకావిడ, "బొట్టు పెట్టాలి కదా, వాళ్ళింట్లో ఏమంటారో" అంది. ఇంకొకరు, "మైకులో పేరెందుకు, పదో తరగతి విద్యార్థిని అని చెబితే సరిపోతుంది" అన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, నాతో కలిసి పచ్చళ్ళు పెట్టేవాళ్ళే. నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. ఇంటికొచ్చి ఖాలానే అడిగాను.

"మీనా కుమారి బొట్టు పెట్టుకోలేదా? నాటకం నాటకమే" అంది. కాసేపాగి, "కని మగ్రిబ్ నమాజ్ వేళకు రిహార్సల్ పెట్టకు బేటీ. ఇంకొకటి, దాని పేరు పూరా చెప్పియ్యి. వాళ్ళ తాత పెట్టిండు" అంది.

మైకు దగ్గర చదివే కాగితం నేనే రాశాను, పూర్తి పేరుతో. రిహార్సళ్ళు నాలుగున్నరకి మొదలుపెడుతున్నాం. కవచం ఖాలా కుడుతోంది, తన పెళ్ళినాటి షరారాకి ఉన్న జరీ అంచు విప్పి. భుజాల దగ్గర అట్ట వంగిపోతోంది. తాండూరు నుంచి వచ్చేటప్పుడు కాస్త దళసరి అట్ట తెమ్మని మా తమ్ముడికి చెప్పాను.